బయోమాస్ బాయిలర్‌లో ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్‌ను పొటాషియం బారి నుంచి కాపాడుకోవడం ఎలా?

పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అమ్మోనియాతో నైట్రోజన్, నీరుగా మార్చే పద్ధతే ఎస్‌సీఆర్ (సెలెక్టివ్ క్యాటలిటిక్ రిడక్షన్); ఆ మార్పు క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం) మీద జరుగుతుంది. బొగ్గు ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్, వరిగడ్డి, పత్తి కట్టె మండించే బాయిలర్ పొగలో చాలా త్వరగా చచ్చుబడుతుంది. కారణం పొటాషియం. మొక్కలోని పొటాషియం మంటలో ఆవిరై, పొగ చల్లబడేటప్పుడు క్లోరైడ్, సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. వాటిలో చాలావరకు మైక్రాన్ కన్నా సన్నవే. వనాడియం-టంగ్‌స్టన్-టైటానియా క్యాటలిస్ట్ మీద అమ్మోనియా అంటుకోవలసిన ఆమ్ల స్థానాలను అవి ఆక్రమిస్తాయి. రెండు వనాడియం పరమాణువులకు ఒక్క పొటాషియం చేరినా చురుకుదనం దాదాపు పోయినట్టే.

అందుకే ముందు తేల్చుకోవలసింది క్యాటలిస్ట్‌ను ఎక్కడ పెట్టాలన్నది. ఏ రకం కొనాలన్నది ఆ తర్వాత. వీలైతే పొగలోని ధూళిని గుడ్డ సంచులతో పట్టే బ్యాగ్ ఫిల్టర్ దాటాకే పెట్టండి. అక్కడ పొగ సుమారు 140–180 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కనుక హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో 230–280కి పెంచాలి. సల్ఫర్ డయాక్సైడ్ మిగిలి ఉంటే ఆ వేడిలో అమ్మోనియం బైసల్ఫేట్ జిగటగా రంధ్రాలను మూసేస్తుంది. ఫిల్టర్ ముందు పొడి సున్నం చల్లడం అందుకే. సోడియం బైకార్బనేట్ కూడా పనిచేస్తుంది గానీ, ఒక్క బ్యాగు చిరిగినా సోడియం నేరుగా క్యాటలిస్ట్ మీదికే వెళ్తుంది. అదీ పొటాషియం లాంటి విషమే.

ఫిల్టర్ ముందే పెట్టక తప్పకపోతే హనీకూంబ్ (తేనెపట్టు ఆకారపు క్యాటలిస్ట్) రంధ్రాలు 6–7 మి.మీ. పైన ఉండాలి, కొలిమిలో కయోలిన్ (తెల్ల బంకమట్టి) వేయాలి. కయోలిన్ పొటాషియాన్ని అల్యూమినోసిలికేట్‌గా పట్టేసి బూడిదలోనే ఉంచుతుంది. లెక్క ప్రకారం కిలో పొటాషియానికి 3.3 కిలోల కయోలిన్ సరిపోవాలి. కానీ అంతా కలవదు, ఎక్కువే పడుతుంది. డెన్మార్క్‌లోని అవెడోర్ ప్లాంటులో చెక్క పెల్లెట్లతో పాటు ఇదే పనికి బొగ్గు బూడిద వేస్తారు. పొటాషియం ఇలా క్లోరైడ్ నుంచి విడిపోయినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ పెరుగుతుంది కాబట్టి సున్నం కూడా పెంచాలి.

ఇక రకం. వనాడియా (వనాడియం ఆక్సైడ్) 3–5 శాతం ఉంటే పొటాషియం తిన్నాక కూడా కొన్ని స్థానాలు మిగులుతాయి. జియోలైట్ (సూక్ష్మ రంధ్రాల ఖనిజం), హెటెరోపాలీ ఆమ్లాలు (లోహ ఆక్సైడ్లతో ఏర్పడే బలమైన ఆమ్లాలు) వాడినవి పొటాషియాన్ని తమ మీదికి లాక్కుంటాయి. మెగ్నీషియం ఆక్సైడ్ పూత దాన్ని లోపలికి పాకనివ్వదు. ఏది కొన్నా మీ బూడిదతో చేసిన పరీక్ష ఫలితం అడగండి. బొగ్గు ప్లాంటు గ్యారంటీ ఇక్కడ పనికిరాదు.

ఎక్కువమంది పట్టించుకోనిది తడి. చల్లటి క్యాటలిస్ట్ మీదికి పొగ వదిలితే నీరు పట్టి, ఉప్పు కరిగి రంధ్రాల్లోకి ఇంకుతుంది. స్టార్టప్‌కు ముందు వేడి పొడి గాలితో క్యాటలిస్ట్‌ను మంచు బిందువు (పొగలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) దాటించండి, ఆపేటప్పుడూ అదే గాలితో పొగను తోసేయండి.

చురుకుదనం కొత్తదానిలో 60 శాతానికి దిగేలోపే కడగాలి. ముందు వాక్యూమ్‌తో దుమ్ము తీసి, డీఅయొనైజ్డ్ నీటితో కడిగి, 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టండి. లీటరు ద్రావణానికి 98 శాతం ఆమ్లం సుమారు 27 మి.లీ. పడుతుంది, ఆమ్లాన్నే నీటిలో పోయాలి. నీరు ఉప్పును తీస్తుంది, ఆమ్లమేమో పోయిన ఆమ్ల స్థానాలను తిరిగి తెస్తుంది. తర్వాత నెమ్మదిగా 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి, తొందరపడితే పగుళ్లొస్తాయి. కడిగిన నీటిలో కొంత వనాడియం కరిగి ఉంటుంది, దాన్ని కాలువలోకి వదలకుండా ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి.