విదేశాల్లో ఇంగ్లీషు టీచర్ కోర్సు: కట్టే ముందు ఏం చూడాలి, మోసపోతే డబ్బు ఎలా రాబట్టాలి?

బీఈడీ చేసి, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చూసి చూసి, ఈలోపు ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పేవాళ్లు నెల్లూరులో, ఒంగోలులో వీధికొకరు ఉంటారు. వాళ్ల ఫోన్లకే వస్తుంది ఈ ప్రకటన: నాలుగు వారాల టెఫెల్ కోర్సు (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీషు నేర్పడంలో శిక్షణ), థాయ్‌లాండ్‌లోనో కొరియాలోనో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం, జాబ్ గ్యారంటీ. ఒక్కసారి నంబరు ఇచ్చామా, ఇక రోజూ ఫోన్లే. 'మేడం, ఇవాళ సాయంత్రం లోపు సీటు బ్లాక్ చేయకపోతే ఆఫర్ పోతుంది' అని.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కోర్సు వేరు, ఉద్యోగం వేరు, వీసా వేరు. కోర్సు నేర్పేవాడి చేతిలో ఉండేది మొదటిది ఒక్కటే. మూడూ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నాడంటే వాడి చేతిలో లేని రెండింటికి కూడా మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నట్టే.

1. సర్టిఫికెట్ ఎవరిదో చూడండి

టెఫెల్, అలాంటిదే అయిన టెసోల్ అనేవి ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు, ఆ పేరుతో ఎవరైనా సర్టిఫికెట్ ప్రింట్ చేసుకోవచ్చు. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సర్ట్ టెసోల్ మాత్రం ఎక్కడికెళ్లినా గుర్తుపట్టే పేర్లు. సెల్టాలో కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది, అందులో 6 గంటలు నిజంగా ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మీరు పాఠం చెప్పాలి, ట్రైనర్ వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తాడు. కాబట్టి ఏ కోర్సు వాళ్లనైనా మొదట అడగాల్సింది ఇదే: నేను ఎవరికి పాఠం చెబుతాను, ఎన్ని గంటలు చెబుతాను, ఎవరు చూస్తారు? బ్యాచ్‌లో మీ పక్కన కూర్చున్న ఆమెనే స్టూడెంట్ అనుకుని చెప్పండి అన్నారంటే అది ప్రాక్టీస్ అనిపించుకోదు.

ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి, క్విజ్‌లు నొక్కి తెచ్చుకునే ఆన్‌లైన్ సర్టిఫికెట్లన్నీ మోసమని అనను. చవకగా వస్తాయి, కొన్ని చోట్ల పనికొస్తాయి కూడా. దాన్నే లక్ష రూపాయలకు అమ్మితే మాత్రం తేడా ఉన్నట్టే.

'ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్' అనే ముద్ర చూసి కూడా పడిపోవద్దు. ముద్ర వేసిన సంస్థ పేరు వెతకండి, కోర్సు అమ్మేవాళ్లే ఇంకో పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టుకుని తమకు తామే గుర్తింపు ఇచ్చుకోవడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. 'మాది యూకే లెవెల్ 5 అర్హత' అని చెప్పుకుంటే, ఇంగ్లండ్‌లో అర్హతల్ని నియంత్రించే ఆఫ్‌క్వాల్ రిజిస్టర్‌లో ఆ కోర్సు పేరు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు ఉండాలి. రిజిస్టర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఇక 'ప్రభుత్వ గుర్తింపు ఉంది' అని గోడకు తగిలించిన ఎంఎస్ఎంఈ, జీఎస్టీ, ఐఎస్ఓ కాగితాలు ఆ షాపు ఉందని చెబుతాయే గానీ పాఠం ఎలా చెబుతారో చెప్పవు.

2. మీ పాస్‌పోర్టుకు ఆ దేశం వీసా ఇస్తుందా?

చాలామంది అడగని ప్రశ్న ఇది. కొరియాలో ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. భారత్, కొరియాల వాణిజ్య ఒప్పందం కింద మనవాళ్లకు ఒక సన్నటి దారి ఉంది గానీ దానికి డిగ్రీతో పాటు టీచర్ అర్హత అడుగుతారు, నాలుగు వారాల సర్టిఫికెట్ చూపిస్తే చాలదు. థాయ్‌లాండ్‌లో మనవాళ్లు పనిచేస్తున్నారు, నిజమే. కానీ దానికి నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, వర్క్ పర్మిట్ రెండూ కావాలి. 'ముందు టూరిస్టు వీసా మీద వెళ్లండి, అక్కడికెళ్లాక మార్పిస్తాం' అన్నారంటే ఆ ఆఫీసు నుంచి లేచి వచ్చేయండి. థాయ్‌లాండ్ ఉద్యోగాలని నమ్మించి మనవాళ్లను మయన్మార్‌లోని సైబర్ మోసాల ముఠాలకు అప్పగిస్తున్నారని విదేశాంగ శాఖే 2022 సెప్టెంబరులో హెచ్చరించింది.

విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు 1983 వలస చట్టం కింద రిజిస్టర్ అయ్యుండాలి, విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల పేరు ఉందో లేదో చూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు.

3. కట్టక తప్పదనుకుంటే ఇలా కట్టండి

సంస్థ ఖాతాలోకే పంపండి, ఎవరో సార్ ఫోన్‌పే నంబరుకు కాదు. రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. ఫోన్లో చెప్పిన ప్రతిదీ 'మీరు ఇలా చెప్పారు కదా, సరేనా' అని వాట్సాప్‌లో రాసి పంపి, సరే అనిపించుకోండి. రేపు మీ కేసంతా ఆ ఒక్క సరే మీదే నిలబడుతుంది.

'ఫీజు ఈఎంఐలో కట్టొచ్చు' అన్నప్పుడు ఇంకాస్త జాగ్రత్త. చాలాసార్లు అది వాయిదా కాదు, మీ పేరున తీసిన అప్పు. కోర్సు మానేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. యాప్‌లో ఇచ్చే అప్పులకు వెనక్కి తగ్గడానికి కొంత గడువు ఇవ్వాలని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది, ఆ గడువు ఎంతో లోన్ కాగితంలో ఉంటుంది. సంతకం పెట్టిన రోజే చదవండి.

4. క్లాసులు మొదలయ్యాక 'ఇదేంది?' అనిపిస్తే

ఇక్కడ రెండు రకాలున్నాయి. ట్రైనర్‌కు చెప్పడం రాదు, నోట్సు పాతది, ఇవి నాసిరకం. వస్తానన్న ట్రైనర్ అసలు లేడు, 120 గంటలన్నవాళ్లు 40 గంటలకే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు, ఉద్యోగమన్నవాళ్లు జాబ్ సైట్ లింకులు పంపుతున్నారు, ఇది మాట తప్పడం. మొదటిదానికి అడిగి సరిచేయించుకోవచ్చు, బ్యాచ్ మార్పించుకోవచ్చు. రెండోదానికి డబ్బు వెనక్కి అడగాలి. కోపంలో రెండూ కలిపేసి రాస్తే వాళ్లు మొదటిదానికే జవాబు చెప్పి రెండోదాన్ని దాటేస్తారు.

ఈమెయిల్ పొట్టిగా, తిట్లు లేకుండా రాయండి: 'ఫలానా తేదీన ఇంత కట్టాను. బ్రోషర్‌లో ఇవి ఇస్తామన్నారు. వీటిలో ఇవి ఇవ్వలేదు. 15 రోజుల్లో ఇంత మొత్తం నా ఖాతాకు పంపండి, లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.' బ్రోషర్ స్క్రీన్‌షాట్లు ముందే తీసిపెట్టుకోండి, గొడవ మొదలైన మర్నాడే వెబ్‌సైటులో మాటలు మారిపోతుంటాయి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే సేవ అందలేదని బ్యాంకులో వెంటనే డిస్‌ప్యూట్ వేయండి, దానికి గడువు ఉంటుంది.

5. కదలకపోతే

1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. కొన్ని సంస్థలు ఆ ఫిర్యాదుకే దిగివస్తాయి. రానివాళ్ల మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. మనవాళ్లకు ఎక్కువగా తెలియనిది ఏమంటే, సంస్థ ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కావలి వాళ్లయితే నెల్లూరు, దర్శి వాళ్లయితే ఒంగోలు. మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసుల కోసం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. గడువు రెండేళ్లు. 'చదువు సేవ కిందికి రాదు' అని వాళ్ల లాయరు అడ్డం తిరిగితే బెదరకండి, కోచింగ్ సంస్థలు విద్యాసంస్థల లెక్కలోకి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే చెప్పింది.

అసలు ఆఫీసే ఖాళీ చేసి పారిపోయినా, దొంగ ఆఫర్ లెటర్ ఇచ్చినా అది పోలీసు కేసు. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు గంటల్లోనే ఫోన్ చేయాలి, ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది. స్టేషన్‌కు ఒక్కరే వెళ్లకుండా బ్యాచ్ వాళ్లంతా కలిసి వెళ్లండి. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని దాచుకునేవాళ్లే ఎక్కువ, అందుకే అదే ఆఫీసు ఇంకో ఊళ్లో ఇంకో బోర్డుతో తెరుచుకుంటుంది.

చివరికి వాళ్లే రాజీకి వస్తే 'ఇక ఎలాంటి బకాయి లేదు' అనే కాగితం మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి. చెక్కు ఇస్తే అది క్లియర్ అయ్యేదాకా ఆగండి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.