పల్లీ పట్టీ పళ్లకు అంటుకుంటోందా? ముందు పాకం చూసిన నీళ్లు ఎలాంటివో చెప్పండి

పల్లీ పట్టీ కుదరలేదని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు పళ్లెం పట్టుకొని వచ్చినా మొదట చెప్పే మాట ఒకటే: ‘చెన్నై గాలిలో తేమ ఎక్కువండీ, ఇక్కడ పాకం గట్టిపడదు.’ ఈ వాదన నాకు ఎన్నడూ నచ్చలేదు. ఇదే చెన్నైలో, ఇదే గాలిలో, వీధి చివరి పెట్టెకొట్టు గాజు సీసాలోని కడలై మిట్టాయి (తమిళంలో పల్లీ పట్టీ పేరు) పటుక్కున విరుగుతూనే ఉంది. తేమ వల్ల జరిగే నష్టం లేకపోలేదు గాని, అది వేరే రకం నష్టం. దాని సంగతి తర్వాత చెబుతాను.

పల్లీలను సన్నని సెగ మీద లోపలి దాకా వేయించి, పొట్టు తీసి, బద్దలు చేసుకోవడం, పళ్లేనికి ముందే నెయ్యి రాసి ఉంచుకోవడం మీకు తెలిసినవేనని అనుకుంటున్నాను. కొలత విషయానికి వస్తే, 250 గ్రాముల పల్లీలకు 200 గ్రాముల బెల్లం, అది కరగడానికి రెండు మూడు చెంచాల నీళ్లు చాలు. నీళ్లు ఎక్కువైతే పట్టీ చెడదు, అవి ఆవిరి కావడానికి సమయం మాత్రమే ఎక్కువ పడుతుంది.

సమస్య: పూర్తిగా చల్లారినా పట్టీ సాగుతోంది, వంచితే విరగకుండా వంగుతోంది

కారణం పాకం ముదరకపోవడమే, ఇందులో రెండో మాట లేదు. అయితే ఈ మాట చెప్పగానే ఎదుటివారికి కోపం వస్తుంది. ‘నేను నీళ్లలో వేసి చూశానండీ, ఉండ పళ్లేనికి కొడితే ఠంగుమని మోగింది కూడా’ అంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. ఆ ఉండ నిజంగానే మోగింది. వారు మోసపోయింది పాకం దగ్గర కాదు, నీళ్ల దగ్గర.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఒక మే నెలలో మూడు విడతలుగా చేసిన పట్టీ మూడుసార్లూ బంకలా తయారైంది. బెల్లం మార్చాను, మూకుడు మార్చాను, పల్లీలు ఇంకా ఎక్కువ వేయించాను, ఫలితం మాత్రం మారలేదు. చివరికి విసుగొచ్చి ఒక ముక్కను ఫ్రిజ్‌లో పడేశాను. మర్నాడు తీసి చూస్తే అది అద్దంలా విరిగింది. విరిగిన ఆ ముక్కనే బల్ల మీద పెట్టి పావుగంట తర్వాత చూస్తే మళ్లీ మెత్తబడి వంగుతోంది. అప్పుడు గుర్తుకు వచ్చింది: ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయిలోకి వేడినీళ్లే వస్తాయి కాబట్టి, పాకం చూడడానికి ఆ మూడుసార్లూ ఫ్రిజ్‌లోని సీసా నీళ్లే వాడాను.

బెల్లం పాకం గట్టిదనం రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి అందులో ఇంకా మిగిలి ఉన్న నీరు, రెండోది ఆ క్షణంలో పాకం ఎంత చల్లగా ఉన్నదనేది. నీరు ఇంకా కొంత మిగిలిన లేత పాకం కూడా ఐదారు డిగ్రీల నీళ్లలో పడితే గాజులా బిగుసుకొని, ముదురు పాకంలాగే మోగుతుంది. మన వంటింట్లో మాత్రం 33 డిగ్రీలు ఉంటుంది. పళ్లెంలో పరిచిన పట్టీ ఆ వేడికి వచ్చేసరికి అసలు స్వభావం బయటపడుతుంది. అంటే మనం పరీక్షించింది ఫ్రిజ్‌లో తినబోయే పట్టీని, తినేది గదిలో ఉన్న పట్టీని.

బెంగళూరులో ఉన్న మా చెల్లెలికి ఈ తంటా లేదు, కనీసం డిసెంబరులో లేదు. అక్కడి చల్లదనానికి కాస్త లేత పాకమైనా నిలబడుతుంది. ఒకసారి తను పట్టీని విరిచి, డబ్బా మూత బిగించి పంపిన ముక్కలు రాత్రి రైలులో వచ్చి మా ఇంట్లో మధ్యాహ్నం వేడికి ఒకే ముద్దగా కలిసిపోయాయి. డబ్బాలోకి తేమ వెళ్లే అవకాశమే లేదు. చేతికి తడి తగలలేదు. మారింది ఊరి వేడి ఒక్కటే.

దీనికి పరిష్కారం చాలా చిన్నది. వంటింట్లో ఉంచిన తాగునీటి క్యాన్‌లోని నీళ్లను, అంటే గది వేడిలోనే ఉన్న నీళ్లను, చిన్న పళ్లెంలో పోసుకోండి. పాకం చుక్క వేసేముందు పొయ్యి ఆపేయండి. ఆపకుండా పరీక్షకు కూర్చుంటే ఈలోపు మూకుట్లోది మాడుతుంది. చుక్క వేసిన వెంటనే తీయకుండా నిమిషం పాటు ఆగి, బయటికి తీసి, తడి తుడిచి, రెండు వేళ్లతో విరవండి. విరిగిన ముక్కను నోట్లో వేసుకొని కొరకండి కూడా, ఎందుకంటే చెవికి మోగినది పంటికి అంటుకోవచ్చు. పంటికి ఏమాత్రం అంటినా మళ్లీ పొయ్యి వెలిగించి, ఒక నిమిషం తర్వాత కొత్త నీళ్లలో చూడండి. అవే నీళ్లలో నాలుగైదు చుక్కలు వేస్తే అవి వేడెక్కి, ఈసారి ముదిరిన పాకాన్ని కూడా లేతదిగా చూపిస్తాయి. ఎండాకాలపు కుళాయి నీళ్లు చేసే మోసం కూడా ఇదే. వాటిని నమ్మి కాస్తూ పోతే పట్టీ చేదెక్కుతుంది.

థర్మామీటరు ఉన్నవారికి చెన్నైలో 146 నుంచి 154 డిగ్రీల మధ్య, దాదాపు 150 దగ్గర దింపడం సరిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కనుక అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పాకాన్నీ ఆ మేరకు మూడు డిగ్రీలు ముందే దింపాలి. ఆ పరికరం లేదని దిగులు పడనక్కరలేదు, మన పెద్దలెవరి దగ్గరా అది ఉండేది కాదు.

ఇప్పటికే సాగుతున్న పట్టీని పారేయకండి. చిన్న ముక్కలుగా తుంచి, అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నని సెగ మీద కలుపుతూ కరిగిస్తే, ఉన్న నీరు పోయి మూడు నాలుగు నిమిషాల్లో ముదురుతుంది. పల్లీలు కొంచెం నల్లబడతాయి గాని, రుచికి నష్టం ఉండదు. నీళ్లు చల్లవద్దు.

సమస్య: మొదటి రోజు కరకరలాడింది, మర్నాటికి బంకెక్కింది

ఇక్కడ మాత్రం తేమను నిందించవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో చెన్నైలో ముదురు పాకపు పట్టీ కూడా తెరిచి ఉంచితే తేమ పీల్చుకుంటుంది. పూర్తిగా చల్లారనిచ్చి, ఆలస్యం చేయకుండా బిగుతైన మూత గల డబ్బాలో పెట్టాలి. వేడిగా ఉండగా మూత పెడితే లోపల చెమట పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసినా ముక్కల మీద అదే చెమ్మ చేరుతుంది. పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం పిండే అలవాటు ఉన్నవారు రెండు చుక్కలతో ఆపడం మంచిది. పులుపు ఎక్కువైతే పాకంలోని చక్కెర విడిపోయి, ఇంకా తొందరగా తేమను లాగుతుంది.

సమస్య: కోసేటప్పుడు ముక్కలు నుగ్గవుతున్నాయి

గీతలు పెట్టడంలో ఆలస్యమైంది. పళ్లెంలో వేసి అప్పడాల కర్రతో పరిచిన రెండు నిమిషాల్లోనే కత్తితో గీతలు పెట్టి వదిలేస్తే, చల్లారాక వాటి వెంబడే విరుగుతుంది. పల్లీలు విడిపోయి రాలుతుంటే పాకం చాలలేదని అర్థం.

సమస్య: చేదు, లేదా ఇసుకలా గరగర

చేదెక్కిన దానికి మందు లేదు. గరగర రెండు రకాలు. పళ్ల కింద నిజంగానే ఇసుక తగిలితే బెల్లాన్ని కరిగించి వడకట్టలేదన్నమాట. అలాకాక పాకమే పలుకు కట్టి పొడిగా మారితే, మూకుడు అంచున ఎండిన పలుకులు మళ్లీ పాకంలోకి జారాయని అనుకోవాలి. తడి గుడ్డతో అంచు తుడుస్తూ ఉంటే అలా జరగదు.

ఇక అన్నీ సరిగా చేసినా పాకం ముదరనే ముదరడం లేదంటే, అది చాలా అరుదు గాని, బెల్లం ముక్కను నాలుక మీద వేసుకొని చూడండి. ఉప్పగా ఉంటే అది ఉప్పునేలలో పెరిగిన చెరకుది కావచ్చు. అటువంటి బెల్లం పట్టీకి పనికిరాదు, దాన్ని పులుసుల్లోకి వాడుకొని, కొట్లో ఈసారి ‘పాగు వెల్లం’ (తమిళంలో పాకం బెల్లం) అని అడిగి తెచ్చుకోండి.