ఫార్వర్డ్ నొక్కే ముందు: కతోలిక సామాజిక బోధనను ఫోన్‌లో పాటించడం ఎలా

కతోలిక సామాజిక బోధన (సమాజంలో ఒకరితో ఒకరు ఎలా మెలగాలో కతోలిక చర్చి చెప్పేది) అనగానే కూలి, యూనియన్లు, ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. 1891లో 13వ లియో పోపు ‘రేరుమ్ నొవారుమ్’ అనే లేఖ రాసింది వాటి గురించే మరి. 2025లో పోపు అయినాయన 14వ లియో అని పేరు పెట్టుకోవడానికీ అదొక కారణం, అప్పట్లో ఫ్యాక్టరీలు తెచ్చినలాంటి మార్పే ఇప్పుడు ఏఐ కూడా తెస్తోందని ఆయనే చెప్పారు. సరే, మన చేతిలో ఫోన్ దగ్గరికొద్దాం.

ఒక స్క్రీన్‌షాట్ వచ్చిందనుకోండి. మీకు తెలిసినతను అప్పిచ్చినవాళ్లని ఇంకో నెల ఆగమని బతిమాలుతున్న మెసేజ్. నిజమో కాదో చూసుకోండి, అది అందరూ చెప్పేదే. అసలు చిక్కు నిజమని తేలాకే. ‘నిజమే కదా, పంపితే తప్పేంటి?’ అనిపిస్తుంది. సత్యోపదేశ గ్రంథం (కతోలిక చర్చి బోధనలన్నీ పేరాలుగా ఉన్న పుస్తకం) 2477వ పేరా పట్టుకునేది ఇక్కడే: లేనిది అంటగట్టి పరువు తీయడం ఒక తప్పయితే, ఉన్న లోపాన్నే తగిన కారణం లేకుండా తెలియనివాళ్ల చెవిన వేయడం ఇంకో తప్పు. ఈ రెండోది మనం రోజూ చేసేదే, పైగా ‘జాగ్రత్త కోసం’ అని పైన ఒక ముక్క తగిలించి మరీ.

కాబట్టి ఆ గ్రూపులో ఇది ఎవరికి అవసరమో చూడండి. రేపు అతనికి డబ్బివ్వబోతున్న ఒక్కరికే అయితే ఆ ఒక్కరికే చెప్పండి. అలాగని ఎవరినో వేధిస్తున్నారని తెలిసీ, పరువు పేరు చెప్పి నోరు మూసుకోవద్దు. దాన్ని ఆపగలిగినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఇప్పటికే పంపేశారా? డిలీట్ కొడితే సరిపోదు, జరిగిన నష్టాన్ని పూడ్చాలంటుంది 2487వ పేరా. అబద్ధమైతే అదే గ్రూపులో, అంతే మందికి కనబడేలా ‘నేను పంపింది తప్పు’ అని రాయండి. నిజమే అయితే మళ్లీ కెలక్కుండా నేరుగా ఆ మనిషికే క్షమాపణ చెప్పండి. ఇది కష్టం, నేనోసారి రెండు రోజులు వాయిదా వేశాను.

ఇక ఏఐ. 2025 జనవరిలో వాటికన్ విడుదల చేసిన ‘అంతీక్వా ఎత్ నోవా’ అనే పత్రం ప్రకారం మెషీన్‌తో తీసుకున్న నిర్ణయానికైనా బాధ్యత మనిషిదే. ఉద్యోగానికొచ్చిన అప్లికేషన్లను దానితో వడపోస్తుంటే, తీసేసిన ప్రతి పేరుకీ కారణం మీ నోటితో చెప్పగలరో లేదో చూసుకోండి. చెప్పలేకపోతే ఆ అప్లికేషన్ మళ్లీ తెరిచి మీరే చదవండి.