పొద్దున్నకి కుంగిపోయే పాత ఎస్ క్లాస్‌కి ఎయిర్ స్ట్రట్ మార్చుకోవడం ఎలా

రాత్రి పార్క్ చేసినప్పుడు బండి బాగానే ఉంది, పొద్దున్న చూస్తే ముందు ఒక మూల మోకాలేసిన ఎద్దులా కూలబడి ఉంది, స్టార్ట్ చేశాక మెల్లగా లేస్తోంది అంటే ఎక్కడో గాలి పోతున్నట్టే. మెర్సిడెస్ 1998లో డబ్ల్యూ220 ఎస్ క్లాస్‌తో ఎయిర్‌మాటిక్ అనే గాలి సస్పెన్షన్ తెచ్చింది, స్టీల్ స్ప్రింగ్ బదులు బెల్లో అనే గాలి నిండిన రబ్బరు తిత్తి ఉంటుంది, అది షాక్ అబ్జార్బర్‌తో కలిసి ఉన్న భాగమే ఎయిర్ స్ట్రట్, ఆ రబ్బరు మడతపడే చోటే ఏళ్ళ తరబడి నలిగి పగుళ్ళు వస్తాయి. అంత వయసు బండికి ఇది మామూలే, భయపడకండి.

కానీ దయచేసి ముందే కంప్రెసర్, అంటే గాలి నింపే పంపు, కొనకండి. మా మావయ్య బండికి ఒక గ్యారేజ్‌లో లీక్ చూడకుండా కంప్రెసర్ మార్చేశారు, కారే గాలిని నింపడానికి కొత్తది కూడా అస్తమానం తిరిగి తిరిగి వేడెక్కి కొన్ని నెలలకే కాలిపోయింది, డబ్బులు రెండుసార్లు పోయాయి.

లీక్ పట్టుకోవడం కష్టం కాదు. రాత్రి చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి, పొద్దున్న మళ్ళీ కొలవండి. ఏ మూల తగ్గిందో తెలిశాక గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపి స్ట్రట్ పైన ఎయిర్ పైపు బిగించే నట్ మీద స్ప్రే చేసి ఒక నిమిషం కదలకుండా చూడండి, సన్నగా ఆవగింజలంత బుడగలు వరసగా పుడుతుంటే లీక్ అక్కడే, స్ట్రట్ మార్చక్కర్లేదు. అక్కడ ఏం లేకపోతే అనుమానం బెల్లో మీదకి, ఒక్కో మూలకి గాలి పంచే వాల్వ్ బ్లాక్ మీదకి పోతుంది. స్టాండ్స్ పెట్టకుండా వీల్ ఆర్చ్‌లో చెయ్యి మాత్రం పెట్టొద్దు, బండి ఒక్కసారిగా దిగితే చెయ్యి నలిగిపోతుంది.

స్ట్రట్టే అని తేలితే మొదట బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి, లేకపోతే డోర్ తెరిచినా సిస్టమ్ ఎత్తు సర్దుకోవడానికి లేస్తుంది. జాక్, స్టాండ్స్ పెట్టి చక్రం తీసి, ఎయిర్ పైపు నట్‌ని కొద్దికొద్దిగా వదులు చేసి బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగేదాకా ఆగండి. తర్వాత వైర్ కనెక్టర్, పై ఆర్మ్ బాల్ జాయింట్, కింద బోల్ట్, చివర్లో పైన మూడు నట్లు, చక్రం బిగించే హబ్‌ని బ్రేక్ హోస్‌కి వేలాడనివ్వకుండా తాడుతో కట్టండి. కొత్తదానికి పైపు నట్‌ని ముందు చేత్తోనే తిప్పాలి, మర క్రాస్ అయితే మళ్ళీ లీకే.

అసలు ప్రమాదం ఇక్కడుంది: గాలి లేని స్ట్రట్ మీద బండి బరువు దించితే కొత్త బెల్లో మడతలో ఇరుక్కుని అక్కడికక్కడే చిరుగుతుంది. బండి కంప్యూటర్‌కి తగిలించే డయాగ్నొస్టిక్ స్కానర్ ఉంటే దాంతో ఆ మూలకి గాలి ఎక్కించడం బెస్ట్, లేకపోతే బరువు జాక్ మీదే ఉంచి మామూలు ఎత్తుకి కొంచెం కిందకి దించి, బ్యాటరీ కలిపి, పార్క్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజిన్ ఆన్ చేసి బెల్లో నిండేదాకా ఓపిక పట్టండి, ఎవరూ కిందకి దూరకూడదు. కంప్రెసర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలే కూడా అప్పుడే మార్చెయ్యండి, చిన్న ఖర్చు, అది అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది.

ఎయిర్ స్ట్రట్లు తీసేసి స్టీల్ స్ప్రింగ్ కిట్ వేయించుకుంటే బాగుండదా అంటారు కొందరు, నాకైతే ఇష్టం లేదు, ఆ బండి కొన్నదే ఆ తేలిపోయే రైడ్ కోసం.

అలైన్‌మెంట్ చేయించి, ఆ రాత్రి మళ్ళీ టేపుతో కొలవండి, పొద్దున్న కూడా అదే అంకె వస్తే పని అయినట్టే.