‘ఓబే’ని చెవితో పట్టుకోండి

‘ఓబే’ అంటే ‘విధేయత చూపు’ అని నిఘంటువు చెబుతుంది. ఆ అర్థం బట్టీపట్టినవాళ్లు వాక్యంలో తడబడటం నా ఇంగ్లీషు క్లాసులో ఎన్నోసార్లు చూశాను. అందుకే ముందు నిఘంటువు మూయించి అడుగుతాను: ‘మావాడు నా మాట వినడు’ అని ఒక తల్లి అంటే, పిల్లాడికి చెవుడనా? చెప్పింది చెయ్యడని గదా! ‘ఓబే’ పుట్టింది సరిగ్గా అక్కడే.

లాటిన్‌లో ‘ఆడీరే’ అంటే వినడం. ముందు ‘ఒబ్’ చేరితే, చెప్పేవారి వైపు చెవి పెట్టడం. ఆ మాట పాత ఫ్రెంచిలో అరిగి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషుకి చేరింది. దారిలో ‘డ’ రాలిపోయింది. ‘ఒబీడియంట్’, ‘ఒబీడియన్స్’లలో మాత్రం నిలిచింది, స్పెల్లింగ్ దగ్గర అనుమానం వస్తే ‘ఆడియో’ని తలచుకోండి, ఆ ‘డి’ ఈ ‘డి’ ఒకటే. ‘ఆడిట్’ కూడా ఈ ఇంటిదే: ఒకప్పుడు లెక్కలు పైకి చదివి వినిపించేవారు. మన ‘శుశ్రూష’ని చూడండి, నాకెంతో ఇష్టమైన మాట. సంస్కృతంలో దాని మూలార్థం వినాలనే కోరిక; అదే సేవ అయింది.

ఇక వాడకం. ‘ఓబే టు ది రూల్స్’ అని రాస్తుంటారు. తప్పు వాళ్లది కాదు, ‘నియమాలకు లోబడు’లోని ‘కు’ది. ‘లోబడు’ని వదిలి ‘విను’ని పట్టుకోండి. మాట వింటాం, మాటకు వినం. అలాగే ‘ఓబే ది రూల్స్’, ‘ఓబే యువర్ మదర్’. మధ్యలో ఏమీ రాదు. పలికేటప్పుడు ఊనిక ‘బే’ మీద.

వ్యతిరేకం ‘డిసొబే’. పెడచెవిన పెట్టడమన్నమాట, ఇక్కడా చెవే.

‘కంప్లై’ వేరు. దాని లాటిన్ మూలానికి నింపడం, పూర్తిచేయడం అని అర్థం. షరతులు నెరవేర్చే చోట అది వాడండి, ఆ షరతేమిటో వెంటనే చెబితే మధ్యలో ‘విత్’ తప్పనిసరి.

ఒక్క జాగ్రత్త. తోటి ఉద్యోగికి ‘ప్లీజ్ ఓబే మై సజెషన్’ అని రాయకండి. ‘ప్లీజ్’ ఉన్నా అది ఆజ్ఞలాగే తగులుతుంది. సలహాకి ‘ఫాలో’ చాలు.