గన్నవరం నుంచి రేణిగుంటకు విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? లెక్క ఇలా వేసుకోండి

అమ్మానాన్నలను తిరుమల దర్శనానికి తీసుకెళ్తూ, టికెట్ మీద విమానం గంట అని చూసి దానికి ఇంకో రెండు గంటలు కలిపి స్లాట్ బుక్ చేశాను. రిపోర్టింగ్ టైమ్‌కి మేం ఇంకా ఘాట్ రోడ్డు మలుపుల్లోనే ఉన్నాం, వెనక సీట్లో అమ్మ దర్శనం టికెట్ ప్రింటును మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ముందు ఊళ్ల పేర్లు వదిలేసి ఎయిర్‌పోర్టులు పట్టుకోండి. విజయవాడ ఎయిర్‌పోర్టు గన్నవరంలో ఉంది, ఊరికి 20 కిలోమీటర్ల దూరం. తిరుపతిది రేణిగుంట దగ్గర. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి గన్నవరం రన్‌వే మీద వేలు నొక్కిపట్టండి, ఎర్ర గుర్తు పడుతుంది. కింద వచ్చే వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, మ్యాప్‌ను రేణిగుంట రన్‌వే దాకా జరిపితే దాదాపు 350 కిలోమీటర్లు చూపిస్తుంది.

నెట్ లేకపోయినా చేతిలెక్క ఉంది. గన్నవరం అక్షాంశం 16.53, రేఖాంశం 80.80. రేణిగుంటవి 13.63, 79.54. అక్షాంశాల తేడా 2.90, ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 322. రేఖాంశాల తేడా 1.26ని కూడా 111తో గుణించాలి గానీ, భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి మన దగ్గర దాన్ని 0.966తో మళ్లీ గుణిస్తే 135 వస్తుంది. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 349. స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే. రైల్లో గూడూరు మీదుగా వెళ్తే ఇదే ప్రయాణం దాదాపు 385 కిలోమీటర్లు.

ఇక టైమ్. ఏటీఆర్ అనే రెక్కల మీద ఫ్యాన్లుండే చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది, అంటే 42 నిమిషాలు. దానికి విమానం నేలమీద మెల్లగా రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడం, ఆగడం కోసం 20 నిమిషాలు కలపండి. జెట్ విమానం 800 దాటి వెళ్తుంది కదా, సగం టైమే పడుతుందనుకోకండి. ఇంత దగ్గరి దూరంలో అది పూర్తి ఎత్తుకు చేరిన కాసేపటికే దిగడం మొదలుపెడుతుంది, కలిసొచ్చేది పది నిమిషాలో పావుగంటో.

నేరుగా సర్వీసు దొరకని రోజు హైదరాబాద్ మీదుగా వెళ్లాల్సి వస్తే ఈ లెక్క పనికిరాదు. గన్నవరం నుంచి శంషాబాద్ 264, అక్కడి నుంచి రేణిగుంట 416, మొత్తం 680 కిలోమీటర్లు. పైగా శంషాబాద్‌లో వెయిటింగ్.

చివరగా ఇంటి గుమ్మం నుంచి కొండ దాకా కూడండి. నేను తప్పింది ఇక్కడే. గన్నవరం చేరడానికి 45 నిమిషాలు. లగేజీ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. విమానం గంట, బ్యాగులకు 20 నిమిషాలు, రేణిగుంట నుంచి అలిపిరి తనిఖీ దాటుకుని కొండపైకి గంటన్నర. అంతా కలిపితే ఐదు గంటలు. చలికాలం పొద్దున గన్నవరంలో పొగమంచు కమ్ముకుంటుంది, డిసెంబరు, జనవరిలో వెళ్తుంటే ఇంకో రెండు గంటలు చేర్చుకుని మధ్యాహ్నం తర్వాతి స్లాటే తీసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందురోజే వెళ్లి కొండమీద గది తీసుకోవడం ఇంకా మంచిది, మేం ఇప్పుడు అలాగే వెళ్తున్నాం.