బేసిక్‌లో అరే మధ్య అంశాన్ని చేర్చడం, తొలగించడం

బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని అరేలో, అంటే ఒకే పేరు కింద వరుస సంఖ్యలతో ఉండే గడుల జాబితాలో, ఒక అంశాన్ని మధ్యలో చేర్చడానికి గాని, ఉన్నదాన్ని తీసివేయడానికి గాని ప్రత్యేకమైన ఆదేశం లేదు. మిగతా అంశాలను ఒక్కొక్క గడి చొప్పున మనమే జరపాలి, ఎన్ని గడులు నిండాయో ఆ లెక్కను కూడా ఎన్ అనే చరరాశిలో మనమే ఉంచుకోవాలి.

రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు, కాట్పాడి అనే అయిదు స్టేషన్ల పేర్లు ఎస్$ అనే అరేలో 1 నుంచి 5 వరకు గల గడుల్లో ఉన్నాయనుకుందాం. చంద్రగిరి తరువాత పాకాల రావాలి గనుక చేర్చవలసిన స్థానం, అంటే పి, విలువ 4. అరేను ముందే డిమ్ ఎస్$(10) అని ప్రకటించి ఉండాలి. ఎన్ విలువ 10కి చేరితే చోటు లేదని చెప్పి ఆగాలి, లేకపోతే 11వ గడిని తాకగానే ‘సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్’ అనే దోషం వస్తుంది.

(కింది ఆదేశాలను కీబోర్డుపై ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.)

ఫర్ ఐ = ఎన్ టు పి స్టెప్ -1
ఎస్$(ఐ+1) = ఎస్$(ఐ)
నెక్స్ట్ ఐ
ఎస్$(పి) = "పాకాల"
ఎన్ = ఎన్ + 1

ఇందులో కీలకం ఐ విలువను ప్రతిసారీ ఒకటి తగ్గించే స్టెప్ -1. చివరి నుంచి మొదలుపెట్టినందువల్ల ముందు కాట్పాడి 6వ గడికి, ఆ తరువాత చిత్తూరు 5వ గడికి చేరి, 4వ గడి పాకాలకు దొరుకుతుంది. అదే లూపును (ఫర్ నుంచి నెక్స్ట్ వరకు మళ్లీ మళ్లీ నడిచే భాగాన్ని) పి నుంచి ఎన్ వరకు నడిపితే చిత్తూరు 5వ గడిలోని కాట్పాడిని చెరిపివేసి, అక్కడి నుంచి 6వ గడిలోకి కూడా పోతుంది. లూపు ముగిసేసరికి 4, 5, 6 మూడు గడుల్లోనూ చిత్తూరే ఉంటుంది. ప్రోగ్రాం ఏ దోషమూ చూపదు కాబట్టి ఈ పొరపాటును పట్టుకోవడం కష్టం.

తొలగించేటప్పుడు దిశ తిరగబడుతుంది. చంద్రగిరిని తీసివేయాలంటే పి విలువ 3.

ఫర్ ఐ = పి టు ఎన్ - 1
ఎస్$(ఐ) = ఎస్$(ఐ+1)
నెక్స్ట్ ఐ
ఎన్ = ఎన్ - 1

ఇది పూర్తయ్యాక కూడా 6వ గడిలో పాత కాట్పాడి అలాగే ఉంటుంది. ముద్రించేటప్పుడు ఎన్ వరకే వెళితే దానితో ఇబ్బంది లేదు; అయినా ఆ గడిని ఖాళీ స్ట్రింగుతో, అంటే అక్షరాలేవీ లేని ""తో, నింపడం మంచిదని నా అభిప్రాయం. కొమొడోర్ 64 వంటి పాత యంత్రాల బేసిక్‌లో లూపు షరతును నెక్స్ట్ దగ్గరే పరీక్షిస్తారు గనుక లూపు కనీసం ఒకసారి నడిచి తీరుతుంది. అరే పూర్తిగా నిండి ఉండగా చివరి అంశాన్ని తొలగించబోతే లూపు 11వ గడిని తాకి అక్కడ దోషం వస్తుంది. పి, ఎన్ సమానమైనప్పుడు లూపును దాటవేసే ఒక ఇఫ్ వాక్యం దీనికి చాలు.

వరుసక్రమంతో పని లేని జాబితాలో ఇంత జరపడం దండగ: చివరి అంశాన్ని తెచ్చి ఖాళీ అయ్యే గడిలో పెట్టి, ఎన్‌ను ఒకటి తగ్గిస్తే సరిపోతుంది. ఒకే పేరు పలుచోట్ల ఉండి అన్నింటినీ తీసివేయవలసి వస్తే మాత్రం వెతుకులాటను ఎన్ నుంచి 1 వైపుగా సాగించాలి. ముందు నుంచి వెళితే 4వ గడిలోనిది తొలగగానే 5వ గడిలోనిది అక్కడికి వచ్చి కూర్చుంటుంది, లూపు మాత్రం దాన్ని చూడకుండానే 5కు వెళ్లిపోతుంది.